పద్దెనిమిది మిల్లీమీటర్లు

ఇరవై తొమ్మిదేళ్లు ఒకే షెడ్డులో మోటార్‌సైకిళ్ల పని చేసి, ఈ ఏడు మానేశాను. వయసు యాభై ఆరు. మానడానికి కారణం కుడిచేతి వేళ్లు. పొద్దున లేచాక అరగంట దాకా వాటికి స్పర్శ తెలియదు. నట్టు బిగిసిందో లేదో వేలికి తెలియని మనిషి ఇంకొకరు ఎక్కే బండి మీద చెయ్యి వేయకూడదని కొత్తగా వచ్చినవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. నాకు మాత్రం వేరే రూలు ఎందుకుంటుంది?

ఇది ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. ఏ నట్టుకు ఏ స్పానరో ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు. ఫోన్లో దొరకనివి కొన్ని ఉన్నాయి. అవి మాత్రం రాస్తాను. మాది తమిళం మాట్లాడే ఊరు, ఇక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. నాకు మా నాయనమ్మ పాత కాలెండర్ల వెనక రాయించి నేర్పింది. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపిస్తే సంతోషం.

వెర్నియర్

నేను చదివింది పదో తరగతి. లెక్కలంటే ఇష్టం, కాని ఆ లెక్కల్ని ఎక్కడ వాడాలో బళ్లో ఎవరూ చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలో ఆదివారం బజారులో పాత సామాన్ల మధ్య, సన్నటి మందాలు కొలిచే వెర్నియర్ ఒకటి దొరికింది. దాన్ని ఎలా చూడాలో చెప్పేవాళ్లు లేరు. ఇంట్లో కూర్చుని ఒక రూపాయి బిళ్ల మందాన్ని కొలిచాను. ఒక్కోసారి ఒక్కో అంకె. వరసగా పదిసార్లు ఒకే అంకె వచ్చేదాకా లేవలేదు. నా చదువు అదీ.

ఆ తర్వాత దేన్నీ కొలవకుండా విప్పలేదు. ప్రతి బండికీ నోటుపుస్తకంలో ఒక పేజీ. ఎడమ పక్క వచ్చినప్పటి కొలతలు, కుడి పక్క పోయేటప్పటి కొలతలు. సీటు ఎత్తు, లీవర్ల ఎడం, చైను వదులు, హ్యాండిల్ వెడల్పు. మా మేస్త్రికి ఇది పెద్ద తమాషా.

మేస్త్రి పేరు గోవిందు. మురుంగపాక్కం మెయిన్ రోడ్డు మీద షెడ్డు ఆయనది. మాలాగే తరాల కిందట ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబం. ఆయన దేన్నీ కొలిచేవాడు కాదు. రెండు సిలిండర్ల బండి వస్తే స్టార్ట్ చేయించి, వెనక గొంతుక్కూర్చుని, రెండు సైలెన్సర్ల దగ్గరా రెండు అరచేతులు పెట్టేవాడు. "ఎడమది సోమరిగా ఉండాదిరా," అనేవాడు. విప్పి చూస్తే ఎడమ పక్కే తేడా ఉండేది. నేను గంటసేపు కొలిచి చెప్పేది ఆయన అరచేయి అర నిమిషంలో చెప్పేది. అలాంటి మనిషి దగ్గర పనిచేస్తే రెండు జరుగుతాయి. మన పద్ధతి మీద నమ్మకం పోతుంది, లేదా మన పద్ధతే మొండితనంగా మారుతుంది. నాకు రెండోది జరిగింది.

ఆయనకు ఒక నియమం ఉండేది. షెడ్డులోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. పొద్దున్నే నేల కడిగించి, పటం ముందు దీపం పెట్టేవాడు. ఆ తర్వాత కలెక్టరొచ్చినా చెప్పులు గుమ్మం దగ్గరే. "ఇంజను కడుపు తెరిచే చోటు ఇది. ఆస్పత్రిలో ఆపరేషన్ గదికి చెప్పులేసుకుని పోతావా?" అనేవాడు. మేమూ వట్టి కాళ్లతోనే పనిచేసేవాళ్లం. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఒక మాట చెప్పాలి. అది మంచి పద్ధతి కాదు. నా కుడికాలి బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. మీరు గట్టి బూట్లు వేసుకుని పనిచేయండి.

ఫొటోలో మనిషి ఉండడు

చివరి ఏడెనిమిదేళ్లు మాకు ఎక్కువగా ఒకే రకం బండ్లు వచ్చాయి. చూడటానికి పాతకాలం బండి, లోపల అంతా కొత్తది. గుండ్రటి లైటు, చదునైన సీటు, పక్కపక్కనే రెండు సిలిండర్లు, చెరో పక్కన ఒక సైలెన్సరు. నేను కూడా ఒకటి కొనుక్కున్నాను, ఆకుపచ్చది. ఈ బండి కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగితే మూడే చెప్పేవాణ్ణి. రెండు వందల కిలోలకు పైనే బరువు, ఇంటి ముందు ర్యాంపు మీద ఒక్కడివే వెనక్కి నెట్టగలవో లేదో చూసుకో. మన ఊరి ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను వేడి మోకాళ్లకు తగులుతుంది, దానికి మందు లేదు. సముద్రపు గాలికి చక్రాల కమ్మీలు తుప్పు పడతాయి, వారానికోసారి తుడవక తప్పదు. ఈ మూడూ ఒప్పుకుంటే ఇంత నెమ్మదైన, నమ్మకమైన బండి ఇంకోటి లేదు.

ఇక మార్పుల సంగతి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లో ఒక ఫొటో పట్టుకుని వస్తారు. "ఇదే మాదిరి కావాలి." హ్యాండిల్ పైకో కిందికో, సీటు సన్నగా, సైలెన్సరు పొట్టిగా. ఆ ఫొటోల్లో ఒకటి గమనించండి. బండి మీద మనిషి ఉండడు. ఖాళీ బండి అందంగా ఉంటుంది. మనిషి ఎక్కాక ఆ వంపులన్నీ అతని నడుం మీదికీ మణికట్ల మీదికీ వస్తాయి. సైలెన్సరు శబ్దం కోసం వచ్చినవాళ్లను నేను వెనక్కి పంపేవాణ్ణి. ఆ శబ్దం నడిపేవాడికి పది నిమిషాలు సరదా, ఆ వీధిలో పడుకున్న రోగికి నరకం.

ఈ బండ్ల మీద నేను నేర్చుకున్న మొదటి పెద్ద పాఠం హ్యాండిల్ పనిలో. సముద్రం పక్క వీధిలో లాడ్జి నడిపే ఒకాయన హ్యాండిల్ మూడంగుళాలు పైకి కావాలన్నాడు. వేశాను. ముందు బ్రేకు గొట్టం పొడవు సరిపోతుందా అని కొలిచాను. రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంది. హ్యాండిల్ ఎడమకు తిప్పి కొలిచాను, కుడికి తిప్పి కొలిచాను. నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాను. మేస్త్రి వచ్చి ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సాగి కిందికి జారింది. బ్రేకు గొట్టం తంబూరా తీగలాగా బిగుసుకుపోయింది.

"గుంతలో దిగి లేచినప్పుడు చక్రం ఇట్ల యాలాడతాదా లేదా?" అన్నాడు.

"యాలాడతాది మేస్త్రీ."

"నిలబడిన బండికి బ్రేకెందుకురా? పోయే బండిని కొలువు."

ఆ రోజు నుంచి చక్రం వేలాడేసి, కుంగదీసి, తిప్పి, అన్ని రకాలుగా కొలిచాకే గొట్టాల పొడవు రాశాను. ఇక నాకు తెలియని కొలత లేదనుకున్నాను. అలా అనుకున్న నాలుగేళ్లకు రేవతమ్మ బండి వచ్చింది.

రేవతమ్మ

ఎం. రేవతమ్మకు అప్పుడు నలభై అయిదేళ్లు. బజారులో స్టీలు పాత్రల కొట్టు వాళ్లది. నాన్న పోయాక తనూ తమ్ముడు శ్రీధరూ నడిపిస్తున్నారు. మా ఊళ్లో ఆ రెండు సిలిండర్ల బండి కొన్న మొదటి ఆడమనిషి ఆమేనని నా అంచనా. నీలం రంగు ట్యాంకు. రోజూ దాని మీదే కొట్టుకు వచ్చేది. సర్వీసుకు మా దగ్గరికే.

ఒక వానాకాలం వెనక నుంచి వ్యాను గుద్ది, ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషనయింది. ఆరు నెలలు మంచం, చేతికర్ర. ఎముక అతికింది గాని కాలు కొంచెం పొట్టిగా అతికింది. చీలమండ కూడా పైకి పూర్తిగా లేవడం లేదు. ఒకరోజు శ్రీధరు ఆ బండిని వేరేవాళ్లతో నడిపించుకుని మా షెడ్డుకు తెచ్చాడు. వెనకే ఆటోలో రేవతమ్మ దిగింది. గుమ్మం దగ్గర అందరిలాగే పాదరక్షలు విడిచి, గోడ పట్టుకుని నడుస్తూ లోపలికి వచ్చింది.

"అన్నా, దీన్ని నాకు తగినట్టు మార్చి ఇయ్యి," అంది.

శ్రీధరు నన్ను పక్కకు పిలిచాడు. "నేను దీన్ని అమ్మేద్దామంటా ఉండా. అక్క వినేది లేదు. రోడ్డు మీద నించి ఆమెని ఎత్తింది నేను అన్నా. ఆ రోజు నాకింకా కళ్లముందర ఉండాది. కడలూరు నించి ఒకాయన ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు. ఆ లోపల అక్క ఒక్కతే నడిపి చూపిస్తే సరి. లేదంటే ఇచ్చేస్తాను. ఇద్దరం ఒప్పుకున్నాం."

రేవతమ్మకు ఆ మాటలు వినబడ్డాయి. "స్కూటర్ కొనిస్తాడంట నాకు," అంది నవ్వుతూ. తర్వాత నవ్వడం మానేసింది. "అన్నా, కొట్టు నాయన పెట్టింది. ఇల్లు నాయన కట్టింది. నా అంతట నేను చూసి, నచ్చి, తెచ్చుకున్నది ఈ బండి ఒక్కటే."

అది ఒక సోమవారం. నాకు ఆరు రోజులున్నాయి.

బండి మీద కూర్చోబెట్టి కొలిచాను. కుడి పాదం నేలకు ఆనింది. ఎడమ పాదం ఆనలేదు, వేళ్లు మాత్రం తగిలాయి. గోడకు నిలబెట్టి రెండు కాళ్లూ కొలిచాను. కుడి ఏడు వందల ముప్పై ఎనిమిది. ఎడమ ఏడు వందల ఇరవై. తేడా పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఇంత స్పష్టమైన లెక్క నాకు చాలా రోజులుగా దొరకలేదు. సీటు స్పాంజి పద్దెనిమిది మిల్లీమీటర్లు కోస్తే పాదం నేలకు ఆనుతుంది. ఇక గేరు. ఈ బండికి మొదటి గేరు కిందికి తొక్కాలి, మిగతావి వేళ్లతో కింద నుంచి పైకి ఎత్తాలి. చీలమండ పైకి లేవదు కాబట్టి లీవర్ని బాగా కిందికి దించి, ఆమె కాలివేళ్లకు దాదాపు ఆనించాను. వేళ్ల మందం ఇరవై నాలుగు. లీవరు కింద ఖాళీ ముప్పై ఉంచాను. కొంచెం కదిలిస్తే చాలు, గేరు పడుతుంది. పేజీ నిండా అంకెలు. అందమైన పేజీ.

పడిపోవడం

బుధవారం సాయంత్రం బండి బయటికి తీసి రోడ్డు పక్కన నిలబెట్టాను. రేవతమ్మ హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. మొదటి గేరు వేసి, మెల్లగా బయలుదేరింది. శ్రీధరు వెనక స్కూటర్ మీద. నేను షెడ్డు ముందు నిలబడి చూస్తున్నాను. రెండో గేరుకు ఎక్కువసేపు పట్టింది. ఇంజను అరిచింది. కొత్త కదా, అలవాటు పడాలనుకున్నాను.

కూడలి దగ్గర సిగ్నల్ పడి ఆపింది. ఆగిన బండి ఎడమకు వాలింది. ఆమె ఎడమ కాలు కింద పెట్టాలి. కాలు ఫుట్‌రెస్టు మీద నుంచి రాలేదు. రెండు వందల కిలోల బండి నిదానంగా, ఎవరో పడుకోబెట్టినట్టు, ఆమెతో సహా పక్కకు పడిపోయింది.

నేను పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఇద్దరు ఆటోవాళ్లు బండి లేపారు. రేవతమ్మ మోచేయి గీరుకుంది, ఎముకకు ఏం కాలేదు. ట్యాంకు మీద అరచేయంత సొట్ట. శ్రీధరు ముఖం తెల్లబోయింది.

"ఇంక చాలక్కా. చాలు."

ఆమె నా వైపు చూసి, "ఏందన్నా, కాలు యాడో ఇరుక్కుంది," అంది. ఆ గొంతులో కోపం లేదు. అనుమానం ఉంది, నా మీద కాదు, తన కాలు మీద. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మీకు ఇలాంటి రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు మీ బుర్ర మీకోసం సాకులు వెతుకుతుంది. నా బుర్ర కూడా వెతికింది. ఆమెకు భయం, ఆమెకు అలవాటు తప్పింది, ఆ కాలు ఇంక పనికిరాదు. ఒక పూటంతా నేను వాటిని నమ్మాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నల్లటి మరక

గురువారం పొద్దున బండిని స్టాండు మీద పెట్టి నా పేజీలోని ప్రతి అంకెనూ మళ్లీ కొలిచాను. ఒక్కటీ తప్పు లేదు. సీటు సరిగ్గా పద్దెనిమిది తగ్గింది. లీవరు కింద సరిగ్గా ముప్పై. మేస్త్రి కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. అప్పటికి ఆయన పని మానేసి రెండేళ్లయింది, అయినా రోజూ వచ్చి కూర్చునేవాడు.

"లెక్క సరిగా ఉండాదా?"

"ఉండాది మేస్త్రీ."

"అయితే మనిషి తప్పా?"

గేరు లీవరు చివరి రబ్బరు తొడుగు సరిచేద్దామని కింద నుంచి పట్టుకున్నాను. వేలికి నల్లగా అంటింది. గ్రీజు అనుకుని వాసన చూశాను. గ్రీజు కాదు. బూటు పాలిష్.

వట్టి కాలికి పాలిష్ ఉండదు.

గుమ్మం వైపు చూశాను. రోజూ ఉండే చెప్పుల వరస. సోమవారం ఆ వరసలో ఒక జత నల్ల బూట్లు ఉన్నాయి, ఎడమదాని అడుగు కుడిదాని కంటే బాగా మందం. నేను వాటిని దాటుకుంటూ లోపలికీ బయటికీ నాలుగుసార్లు నడిచాను. చూశాను కూడా. కాని అవి గుమ్మం బయట ఉన్నాయి, నేను కొలిచే బండి గుమ్మం లోపల ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ షెడ్డులో చెప్పు అన్నది మనిషిలో భాగం కాదు.

లెక్క అప్పుడు తెలిసింది. ఆమె కాలు పద్దెనిమిది పొట్టి అని ముందే ఎవరో కొలిచారు. బూటు కుట్టినవాడు. అడుగున పద్దెనిమిది ఎక్కువ వేసి ఆ తేడాను పూడ్చేశాడు. పూడ్చేసిన తేడాను నేను సీటులో మళ్లీ పూడ్చాను. ఒకే కొరతను రెండుసార్లు తీర్చాను. సీటు తగ్గడంతో ఆపరేషనైన కాలు మోకాలి దగ్గర అనవసరంగా ఇంకా ముడుచుకుంది. వట్టి వేళ్లకు సరిపెట్టిన ముప్పై మిల్లీమీటర్ల సందులోకి ఆమె అంత మందం బూటును బలవంతంగా తోసింది. అది అక్కడే ఇరుక్కుంది.

శుక్రవారం బజారుకు వెళ్లాను. కొట్టులో రేవతమ్మ గల్లా పక్కన వట్టి కాళ్లతో కూర్చుని ఉంది. కొట్టులోకి కూడా ఎవరూ చెప్పులతో రారు. బూట్లు మెట్టు కింద ఉన్నాయి. మోచేతికి కట్టు.

"రా అన్నా. కాఫీ తాగుతావా?"

"ముందర నీ ఎడమ బూటు కావాలమ్మా."

ఆమె ఒక క్షణం నన్నే చూసింది. "ఏందీ, బండికి బూటు తొడుగుతావా?"

మెట్టు మీద కూర్చుని వెర్నియర్‌తో కొలిచాను. కుడి అడుగు పది మిల్లీమీటర్లు. ఎడమ అడుగు ఇరవై ఎనిమిది. అంకె చెప్పి, జరిగింది వివరించాను. "తప్పు నీ కాలుది కాదమ్మా. నాది," అన్నాను. పాత్రలు తుడుస్తున్న అమ్మాయి చెయ్యి ఆపి మా వైపు చూసింది. రేవతమ్మ బూటు అందుకుని అడుగు తిప్పి చూసుకుంది.

"కదిర్కామంలో ఒకాయన కుట్టి ఇచ్చినాడన్నా. నెల కూడా కాలే. నేనూ చెప్పలేదు చూడు. మీ షెడ్డంటే బయట వదిలేది అలవాటే గదా," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "రేపు రానా?"

వెనక నుంచి శ్రీధరు, "ఆదివారం ఆయన వస్తాడు, మరిచిపోవద్దు," అన్నాడు.

"రేపు శనివారం గదరా," అంది ఆమె.

శనివారం

కోసిన స్పాంజి తిరిగి అతకదు. కొత్త సీటు తెప్పించడానికి వారం పడుతుంది. నా ఆకుపచ్చ బండి సీటు విప్పి ఆమె బండికి వేశాను, ఆమె సీటు నా బండికి వేసుకున్నాను. గేరు సంగతి తేల్చింది మేస్త్రి.

"ఆమె చీలమండ పైకి లేవదంటావు. మరి పైకి ఎత్తమని ఎందుకు అడగతావు? పాత బండ్లలో మడమతో తొక్కే గేరు ఉండేది గదరా. వేళ్లతో ముందర తొక్కితే దిగేది, మడమతో వెనక తొక్కితే ఎక్కేది."

నాకు తట్టలేదు. నా దగ్గర అంకెలున్నాయి, ఆయన దగ్గర యాభై ఏళ్ల బండ్లున్నాయి. లీవరుకు వెనక వైపు నాలుగు వేళ్ల పొడవు ముక్క ఒకటి కోసి, తాత్కాలికంగా బిగించి పెట్టాను. ముందు లీవర్ని పైకి జరిపాను. ఆఖరి కొలత మాత్రం ఆమె వచ్చాకే, బూటుతోనే తీయాలి. బండి షెడ్డులో స్టాండు మీద ఉంది. అంటే బూటు లోపలికి రావాలి.

సాయంత్రం నాలుగింటికి రేవతమ్మ వచ్చింది. శ్రీధరు వెనకే. అలవాటుగా గుమ్మం దగ్గర వంగి బూటు తాళ్లు విప్పబోయింది.

"తీయొద్దమ్మా," అన్నాను.

షెడ్డులో ఉన్న ముగ్గురు మనుషులూ పని ఆపారు. అందరూ మేస్త్రి వైపు చూశారు. నేను ఆయనకు ముందే చెప్పి ఉండాల్సింది. ధైర్యం చాలలేదు. రేవతమ్మ కూడా ఆయన వైపు చూసి, "వొద్దులే అన్నా, బండినే బయటికి తీద్దాం," అంది.

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. డెబ్బై దాటిన మనిషి, లేవడానికి టైం పట్టింది. డబ్బాలోంచి బండ్లు తుడిచే గుడ్డపీలికలు, గుప్పెడు బనియన్ వేస్టు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె వెనక్కి జరిగింది.

"అయ్యయ్యో, ఏంది పెదనాయనా, నువ్వు నా కాళ్ల దగ్గర..."

"ఎత్తు."

ఆమె శ్రీధరు భుజం పట్టుకుని ఎడమ కాలు ఎత్తింది. ఆయన ఆ మందపాటి అడుగును చక్రం తుడిచినట్టు అంచుల వెంబడి తుడిచాడు. సందులో ఇరుక్కున్న చిన్న రాయిని గోటితో తీసి బయట పడేశాడు. తర్వాత కుడిది తుడిచాడు.

"ఇది చెప్పు కాదమ్మా," అన్నాడు ఎడమ బూటు మీద తట్టి. "కాలు. లోపలికి రా."

ఆమె బూట్లతో లోపలికి వచ్చింది. ఆ షెడ్డులో నేను చెప్పుల శబ్దం వినడం అదే మొదటిసారి. బండి మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. ప్రమాదానికి ముందు ఎంత ఆనేవో అంతే. నేను ఆ బండి ఎత్తులో ఒక్క మిల్లీమీటరు కూడా మార్చాల్సిన అవసరం మొదటి నుంచీ లేదు. మడమ ముక్కను బూటు మడమకు సరిపెట్టి వెల్డింగ్ చేశాను. ముందు లీవరు కింద బూటు అటూ ఇటూ తిరిగినా తగలనంత ఖాళీ ఉంచాను. ఇరవైసార్లు గేరు వేయించాను. ఇరవైసార్లు కాలు తీసి నేల మీద పెట్టించాను. ఇరవయ్యోసారి ఆమె, "అన్నా, డ్రిల్లు మాస్టరు మాదిరి చేస్తా ఉండావే," అంది.

బండి బయటికి తీశాం. ఈసారి నేనూ శ్రీధరూ నడుచుకుంటూ ముందే కూడలికి వెళ్లి నిలబడ్డాం. ఆమె ముఖం నేను చూడలేదు. ఎడమ పాదాన్నే చూస్తున్నాను. మొదటి గేరు. మడమ కదిలింది, రెండు. మళ్లీ కదిలింది, మూడు. సిగ్నల్ పడింది. వేళ్లు రెండుసార్లు తొక్కాయి. బండి ఆగింది, ఎడమకు కొంచెం వాలింది. నల్ల బూటు ఫుట్‌రెస్టు మీద నుంచి వచ్చి రోడ్డు మీద గట్టిగా ఆనింది. అక్కడే ఉంది.

పచ్చ లైటు పడగానే బజారు వైపు వెళ్లిపోయింది. మా వైపు చూడలేదు కూడా.

శ్రీధరు ఫోన్ తీశాడు. కడలూరు ఆయనకు అనుకుంటాను, తమిళంలో రావద్దని చెప్పి పెట్టేశాడు. తర్వాత నాతో, "ఇప్పుడు నన్ను ఇంటికి ఎవరు తీసకపోతారు? ఆమె వెనక కూర్చుని పోదామనుకున్నా," అన్నాడు.

రెండు అంకెలు

ఈ కథలో నేను నేర్చుకున్నదాన్ని సూత్రంగా చెప్పమంటే చెప్పలేను. పద్ధతిగా మాత్రం చెప్పగలను. బండి మార్చమని ఎవరైనా వస్తే ముందు వాళ్లను రోజూ ఎలా ఎక్కుతారో అలాగే రమ్మనండి. అదే చెప్పు, అదే సంచి, వెనక కూర్చునే మనిషి ఉంటే ఆ మనిషితో. తర్వాత అడగండి, నీకోసం ముందే ఎవరైనా ఏదైనా సరిచేసి ఇచ్చారా అని. కంటి డాక్టరు, చెప్పులు కుట్టేవాడు, అంతకు ముందు చేసిన మెకానిక్కు. వాళ్ల పని కూడా ఆ బండి మీదికి ఎక్కి కూర్చుంటుంది. దాన్ని లెక్కలో వేసుకోకపోతే మీ లెక్క ఎంత సరైనదైనా తప్పే. ఆఖరిగా, ఆ బండిలో ఏమీ మార్చకుండా పంపితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. నా చేతి మీదుగా వెళ్లిన మార్పుల్లో సగం జరగకపోయినా ఎవరికీ నష్టం ఉండేది కాదు.

కోసిన ఆ సీటు ఇంకా నా బండి మీదే ఉంది. కొత్తది తెప్పించుకోలేదు. ఇరవై కిలోమీటర్లు దాటితే నడుం కింద పద్దెనిమిది మిల్లీమీటర్ల తేడా బాగా తెలుస్తుంది.

మేస్త్రి రెండేళ్ల కిందట పోయాడు. షెడ్డులో నియమం మారలేదు, కొలతకు వచ్చినవాళ్లకు తప్ప. నేను పని మానేసిన రోజు పొద్దున రేవతమ్మ చైనుకు నూనె వేయించుకుందామని వచ్చింది. బండి ఆపి, గుమ్మం దగ్గర వంగి, కుడి బూటు ఒక్కటి విప్పి చెప్పుల వరసలో పెట్టింది. ఎడమ బూటుతో లోపలికి వచ్చింది. నా కళ్లెప్పుడూ బండి మీదే గాని, మేస్త్రి పోయినప్పటి నుంచీ ఎప్పుడొచ్చినా అలాగే వస్తుందని మిగతావాళ్లు చెప్పారు.

కుడి కాలు వట్టిది, ఎడమ అడుగు ఇరవై ఎనిమిది, కాలి తేడా పద్దెనిమిది. ఇప్పుడు ఎడమ పక్క పది మిల్లీమీటర్లు ఎత్తు. ఆ ఎత్తుకు కొంచెం ఊగుతూ నడిచి, పటానికి దణ్ణం పెట్టుకుని, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

నేను కొలత గురించి ఏమీ అనలేదు.